ముక్కుకి అంగుళం దూరంలో

మావాడు మొదటిసారి ఇంకో పిల్లవాణ్ణి కొట్టింది ఓ ఫిబ్రవరి నెలలో. మిర్చి సీజన్ మంచి ఊపు మీద ఉంది. నేను గుంటూరు యార్డులో ఓ కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ఆ నెలల్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం మొదలైతే తలెత్తే తీరిక ఉండదు. సాయంత్రం నాలుగున్నరకి స్కూలు ఆటో అతను ఫోన్ చేశాడు. "మేడమ్, మీ బాబు పక్క బాబు మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లింది. మీరు ఒకసారి రావాలి."

కొరిటెపాడు చేరేసరికి మా సందు మొదట్లోనే ఆటో ఆగి ఉంది. మావాడు వెనక సీట్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడవడం లేదు. అవతలి బాబు వాళ్ళమ్మ చీర కొంగుతో వాడి పెదవి అదిమి పట్టుకుని ఉంది. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "కరాటేకి పంపుతున్నారంట కదండీ" అంది, అంతే.

ఉన్నమాట చెబుతాను. ఇంటికొచ్చి వాడికి అన్నం కలుపుతున్నప్పుడు నాకు లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది. ఏడాదిపాటు అదే ఆటోలో పెద్ద పిల్లలు వీణ్ణి "పుల్ల" అని పిలిచారు. వాటర్ బాటిల్ లాక్కున్నారు. బాక్సులో పెట్టిన ఉప్మా వీడు తినకముందే వాళ్ళు తినేశారు. అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. కరాటేలో చేర్చిందే అందుకు. దెబ్బలు తిని వచ్చేవాడు ఇవాళ తిరగబడ్డాడు కదా అనుకున్నాను.

రెండో ముద్ద పెడుతూ అడిగితే తెలిసింది. పెదవి చిట్లిన బాబు వీణ్ణి ఏడిపించినవాళ్ళలో లేడు. వీడికన్నా చిన్నవాడు, ఒకటో తరగతి. కిటికీ పక్క సీటు ఇవ్వలేదని గుద్దాడట. నా చెయ్యి నాకు తెలియకుండానే లేచింది. చెంప మీద ఒక్కటిచ్చాను. అన్నం తినకుండానే పడుకున్నాడు.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. అప్పటినుంచి ఈ విషయం గురించి నేను ఆలోచించినంతగా ఇంకే విషయం గురించీ ఆలోచించలేదేమో. కరాటే నేర్పిస్తే పిల్లలకి క్రమశిక్షణ వస్తుంది, ఆత్మవిశ్వాసం వస్తుంది, మంచి నడవడిక వస్తుంది అని మా ఊళ్ళో వేసవి సెలవులు దగ్గరపడగానే కరెంటు స్తంభాల మీదంతా కాగితాలు అంటిస్తారు. దానంతట అది ఏదీ రాదు. పిల్లలు అక్కడ ముందుగా నేర్చుకునేది దెబ్బ. ఆ దెబ్బని ఎక్కడ ఆపాలో కూడా నేర్పితేనే మిగతావన్నీ వస్తాయి. అది నేర్పని చోటికి పంపేకంటే ఇంటి దగ్గర ఆడుకోనివ్వడమే మేలు.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతుకుతుంటే ఓ పాత అధ్యయనం కనబడింది. మైకేల్ ట్రుల్సన్ అనే ఆయన అమెరికాలో చేసి 1986లో ప్రచురించారు. చిన్నదే, అందులో ఉన్నది 34 మంది అబ్బాయిలు. 13 నుంచి 17 ఏళ్ళ వయసువాళ్ళు, అప్పటికే గొడవల్లో తిరుగుతున్నవాళ్ళు. వాళ్ళని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి కరాటే లాంటి కొరియా విద్య టైక్వాండోని పాత పద్ధతిలో నేర్పారు. ధ్యానం, ఎదుటివాళ్ళని గౌరవించడం, ఎందుకు నేర్చుకుంటున్నామన్న మాట, అన్నీ కలిపి. రెండో జట్టుకి అవేవీ లేకుండా ఉత్త ఫైటింగ్ నేర్పారు. మూడో జట్టు పరుగు, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలు ఆడుకుంది. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి జట్టులో దూకుడు తగ్గింది. రెండో జట్టులో మొదలుపెట్టినప్పటికంటే పెరిగింది.

2005లో నార్వే నుంచి వచ్చిన ఇంకో అధ్యయనం ఇంకా కలవరపెట్టింది. పిల్లల మధ్య వేధింపుల మీద ఎన్నో ఏళ్ళు పనిచేసిన డాన్ ఒల్వేయస్, ఇంగెర్ ఎండ్రెసెన్‌తో కలిసి చేసింది అది. బాక్సింగ్, కుస్తీ, బరువులెత్తడం, కరాటే లాంటి విద్యల్లో చేరిన 11 నుంచి 13 ఏళ్ళ అబ్బాయిల్లో బయట కొట్లాటలు, అడ్డదారి పనులు పెరిగాయని వాళ్ళు తేల్చారు. అది చదివి కరాటే మాన్పించేద్దామనే అనుకున్నాను. ట్రుల్సన్ చెప్పిన మొదటి జట్టు ఒక్కటే నన్ను ఆపింది. కాళ్ళూ చేతులూ ఆడించే విద్య రెండు జట్లకీ ఉంది. ఒకరిని చల్లబరిచింది, ఒకరిని రెచ్చగొట్టింది. మరి మావాడు వెళ్తున్నది ఏ జట్టు లాంటి చోటికి?

ఆలోచిస్తే జవాబు నా కళ్ళముందే ఉంది. ఆ క్లాసు పేరు చెప్పను, చెప్పనక్కర్లేదు కూడా. 60 మంది పిల్లలకి ఒకే మాస్టర్, చేతిలో కర్ర. వరస తప్పితే పిక్కల మీద ఒకటి పడేది. జతలు జతలుగా నిలబెట్టి "కొట్టు, వదలకు" అని అరిచేవాడు. ఏడ్చిన పిల్లని చూసి మిగతావాళ్ళు నవ్వితే ఆయనా నవ్వేవాడు. మూడు నెలలకోసారి బెల్టు టెస్టు, దానికి వేరే ఫీజు, ఫెయిలైనవాళ్ళని నేను చూడలేదు. వార్షికోత్సవం రోజున పన్నెండేళ్ళ పిల్లలు పెంకులు పగలగొట్టారు. ఒక పెద్ద కుర్రాడి పొట్ట మీద నుంచి బైకు పోనిచ్చారు. మేమంతా చప్పట్లు కొట్టాం. పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదని, అక్కడ గట్టి దెబ్బ తగిలితే ఆ ఎముక ఎదుగుదలే దెబ్బతినొచ్చని ఆ తర్వాతెప్పుడో తెలుసుకున్నాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

నెల గడిచాక బ్రాడీపేటలో ఇంకో మాస్టారి దగ్గర చేర్చాను. ఓ డాబా మీద రేకుల షెడ్డు. పగలు ఆయన బైకులు బాగుచేసుకుంటారు, సాయంత్రం ఆరు నుంచి ఇది. పాతిక మంది పిల్లలు. ఆటోలో జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన వాణ్ణి తిట్టలేదు, నాకు ధైర్యమూ చెప్పలేదు. "ముందు ఎదుట నిలబడటం నేర్చుకోనివ్వండమ్మా" అన్నారు.

ఆ మాట అర్థం కావాలంటే ఆయన చేయించే సాధన గురించి చెప్పాలి. ఇద్దరిద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు. ముందు ఒకరికొకరు వంగి నమస్కారం. మొదలుపెట్టమని మాస్టారు "హజిమే" అనగానే ఒకరు రెండోవాళ్ళ ముఖం వైపు పది పంచ్‌లు వెయ్యాలి. కొత్తవాళ్ళకి మూరెడు దూరం. కొన్ని నెలలు పోయాక జానెడు, ఆ తర్వాత బెత్తెడు. బాగా కుదిరినవాళ్ళకి మాత్రమే అంగుళం. వేగం తగ్గించకూడదు. వేగం తగ్గించి ఆపడం ఎవరైనా చేస్తారు, పూర్తి విసురుతో వచ్చిన పిడికిలి అనుకున్న చోట ఠక్కున ఆగాలి. జపాన్‌వాళ్ళు దీన్ని సున్‌దొమే అంటారు. సున్ అంటే వాళ్ళ కొలతలో మన అంగుళం కన్నా కాస్త ఎక్కువ, మూడు సెంటీమీటర్లు. దొమే అంటే ఆపడం.

చెయ్యి ఆగేది చేతితో కాదని అక్కడ కూర్చుని చూశాకే తెలిసింది. పాదం నేలని పట్టుకోవాలి, నడుం తిరిగి బిగుసుకోవాలి, ఊపిరి ఆ క్షణంలోనే బయటికి రావాలి. ఇందులో ఏది తప్పినా పిడికిలి ముందే వాడిపోతుంది, లేదా వెళ్ళి తగులుతుంది. కోపంగా ఉన్న పిల్లవాడు దీన్ని చెయ్యలేడు. భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి చెయ్యి వాడి మాట వినదు. మాస్టారు అది దూరం నుంచే కనిపెట్టి "నువ్వు కాసేపు కూర్చో నాన్నా" అంటారు. అది శిక్ష కాదని పిల్లలకి తెలుసు. రెండు నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి చూసుకుని లేచి వస్తారు.

రెండోవాళ్ళ పని ఇంకా కష్టం. కదలకూడదు, వెనక్కి వాలకూడదు, కళ్ళు మూసుకోకూడదు. మావాడికి మొదటి ఆరు వారాలూ ఆ పనే ఇచ్చారు. వీడు ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు, ఎదురుగా నిలబడి పిడికిళ్ళు రావడం చూశాడు. మొదటివారం ప్రతి పంచ్‌కీ తల పక్కకి తిప్పేసేవాడు. ఆటోలో ఏడాదిపాటు దెబ్బలు తిన్నవాడు కదా, ఒంటికి ఆ అలవాటు ఉండిపోయింది. మూడోవారంలో ఓ సాయంత్రం బండి మీద వస్తూ వెనక నుంచి అన్నాడు. "అమ్మా, ఆ చిన్నోడికి కూడా ఇలాగే కనబడి ఉంటుంది కదా." ఏ చిన్నోడని నేను అడగలేదు. శంకర్ విలాస్ సెంటర్ ట్రాఫిక్‌లో బండి పక్కకి తీసి కాసేపు ఆగిపోయాను.

ఏ ఆటైనా పిల్లలకి మంచిదే కదా, క్రికెట్‌లో క్రమశిక్షణ లేదా, కబడ్డీలో ధైర్యం లేదా అని మా అన్నయ్య వాదిస్తాడు. ఉంది. కానీ ఆ ఆటల్లో ఎదుటివాడికి దెబ్బ తగలడం పొరపాటున జరిగేది. ఇక్కడ ఆ దెబ్బే పాఠం. నీ చేతిలో ఎదుటివాణ్ణి గాయపరిచే శక్తి ఉందని పిల్లవాడికి చెప్పి, రోజూ ఆ శక్తిని బయటికి తీయించి, రోజూ ఆపించడం ఇంకెక్కడా లేదు. ఆపడం అలవాటయ్యేది వందలసార్లు ఆపితేనే. నీతి కథ చెబితే పిల్లవాడు తల ఊపుతాడు. కిటికీ పక్క సీటు దగ్గర ఆ కథ గుర్తురాదు.

దీన్ని పిల్లలకి నేర్పాలని మొదట అనుకున్నవాళ్ళు బడిపంతుళ్ళ లాంటివాళ్ళే. కరాటేని జపాన్ ప్రధాన భూభాగంలో వ్యాపింపజేసిన ఫునాకోషి గిచిన్ ఒకినావాలో బడిపంతులుగా పనిచేశారు, 1922లో టోక్యో వెళ్ళారు. "కరాటేలో మొదటి దెబ్బ లేదు" అన్నది ఆయన చెప్పిన సూత్రాల్లో అందరికీ తెలిసినది. ఆయన గురువుల్లో ఒకరైన ఇటోసు అంకో, 20వ శతాబ్దం మొదట్లో కరాటేని ఒకినావా బడుల్లోకి తెచ్చారు. పెద్దవాళ్ళు చేసే వరసలు పిల్లలకి కష్టమని, ప్రమాదమని, వాళ్ళకోసం ఐదు కటాలు, అంటే కదలికల వరసలు, కూర్చారు. వాటికి పెట్టిన పేరు పినాన్. ప్రశాంతం అని అర్థం. తర్వాత ఫునాకోషి వాటినే హెయాన్ అన్నారు. ఈ ఐదూ మొదలయ్యేది దెబ్బని అడ్డుకునే కదలికతోనే. మావాడు మొదటి కటా నేర్చుకుంటూ హాల్లో ఎడమకి తిరిగి చెయ్యి కిందికి దించి అడ్డుపెట్టేవాడు, తర్వాతే ముందుకి అడుగేసి గుద్దేవాడు. నూరేళ్ళ కిందట ఎవరో పెద్దమనిషి పిల్లల గురించి ఎంత ఆలోచిస్తే ఆ వరస వచ్చి ఉంటుందో అనిపించేది.

మనకీ ఇలాంటిది లేకపోలేదు. మా తాతయ్యది తెనాలి దగ్గర పల్లె. దసరాకి, పీర్ల పండక్కి కర్రసాము చేసేవారు. కర్ర చేతిలోకి తీసుకునే ముందు నేలని తాకి కళ్ళకద్దుకోవడం, ఎదుటివాడు చిన్నవాడైనా దణ్ణం పెట్టడం నా చిన్నప్పుడు చూశాను. కర్రసాము నేర్పే ఆ తాలింఖానాలు చాలా ఊళ్ళలో మూతపడ్డాయి. మా పిల్లల చేతికి కర్రసాము అంది ఉంటే నేను ఈ వ్యాసం దాని గురించే రాసేదాన్ని.

వంగి నమస్కరించడం గురించి ఇంకో మాట. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ కరాటేలో చేర్చే తల్లిదండ్రులు ఎక్కువ. పిల్లవాడు మాట వినాలి, లేవమంటే లేవాలి, చదవమంటే చదవాలి అని. నాకు ఆ కోరికతోనే పేచీ. మాట వినే పిల్లవాడిని తయారుచెయ్యడానికి కర్ర పట్టుకున్న మాస్టర్ చాలు, మావాడు అక్కడ ఎంతో బుద్ధిగా ఉండేవాడు. ఆటోలో ఏం చేశాడో చూశాం. ఈ షెడ్డులో మాస్టారు కూడా పిల్లలకి వంగుతారు. బ్రౌన్ బెల్టు కుర్రాడు నిన్న చేరిన ఆరేళ్ళ పిల్లకి వంగుతాడు. నేను నీ మీదికి చెయ్యి విసరబోతున్నాను, నువ్వు నన్ను నమ్మి నిలబడుతున్నావు, అని ఒప్పుకోవడం అది.

ఆడపిల్లల సంగతి. వాళ్ళని చేర్చడానికి వచ్చే ప్రతి తండ్రీ చెప్పేది ఒకటే, "రోజులు బాగాలేవండి, తన్ను తాను కాపాడుకోవాలి." ఆ భయం నాకు తెలుసు, నాకూ ఓ కూతురుంది. కానీ పదేళ్ళ పిల్ల కరాటేతో పెద్ద మగాణ్ణి ఎదుర్కొంటుందని నమ్మించడం పాపం. మా మాస్టారు వాళ్ళకి నేర్పేది చెయ్యి విడిపించుకోవడం, పరిగెత్తడం, అరవడం, ఇంటికొచ్చి చెప్పడం. వీటిలో అరవడమే అన్నిటికన్నా కష్టమని నేను ముందు ఊహించలేదు.

పంచ్‌తో పాటు పొట్టలోంచి వచ్చే అరుపుని కియాయ్ అంటారు. మా బ్యాచ్‌లో ఓ ఐదో తరగతి పిల్ల ఉంది. కదలికలు ముత్యాల్లా ఉంటాయి. కియాయ్ దగ్గరికొచ్చేసరికి నోరు తెరుచుకుంటుంది, శబ్దం రాదు. ఇంట్లో గట్టిగా నవ్వినా "ఏంటే ఆ అరుపులు" అంటారని వాళ్ళమ్మే చెప్పింది. నాలుగు నెలలు పట్టింది. మాస్టారు ఆ పిల్లని ఒక్కసారి కూడా బలవంతపెట్టలేదు, అందరితో కలిసి అరిచే చోట నిలబెట్టేవారు. ఓ సాయంత్రం మిగతావాళ్ళు ఒక్క లెక్క ముందే ఆగిపోయారు, ఆ పిల్ల ఆగలేదు. షెడ్డు రేకులు అదిరేలా ఒక్కతే అరిచింది. భయపడి చేత్తో నోరు మూసుకుంది. అందరూ చూస్తున్నారు. వెనక నుంచి ఎవరో చిన్నపిల్ల "ఇంకోసారి అక్కా" అంది. ఇంకోసారి అరిచింది. ఆ పిల్ల ఇప్పుడు బడిలో అర్థంకాని లెక్క దగ్గర చెయ్యెత్తి అడుగుతోందట. అన్నీ కలిపి లెక్కేస్తే నాకు ఇది బ్లాక్ బెల్టు కన్నా పెద్దది.

బెల్టుల మాటొచ్చింది కాబట్టి. తెలుపు తర్వాత పసుపు, ఆరెంజి, ఆకుపచ్చ అంటూ మనం లెక్కపెట్టే ఈ రంగులన్నీ కరాటే పుట్టుకతో వచ్చినవి కావు. 1882లో జూడో మొదలుపెట్టిన కానో జిగోరో నల్ల బెల్టు అలవాటు చేశారు. ఆయనా ఉపాధ్యాయుడే. మధ్యలో ఇన్ని రంగులు 1920లు, 30లలో ఐరోపాలో జూడో నేర్చుకునేవాళ్ళ మధ్య వాడుకలోకి వచ్చాయి, ముందున్న మెట్టు కనబడితే మనసు నిలుస్తుందని. ఉద్దేశం మంచిదే. మన చేతిలో అది ర్యాంకు అయిపోయింది. వాట్సాప్ స్టేటస్, సర్టిఫికెట్ ఫొటో, "మీవాడింకా ఆరెంజేనా?" మావాడు ఆకుపచ్చ బెల్టు టెస్టు రెండుసార్లు తప్పాడు. మొదటిసారి నేను వాడికన్నా ఎక్కువ కుంగిపోయాను. వాడు మాత్రం రెండో రోజు వెళ్ళి పాత బెల్టే కట్టుకుని వరసలో నిలబడ్డాడు. మన ఊళ్ళో మార్కులు తగ్గిన పిల్లలు అద్దంలో మొహం చూసుకోలేకపోతున్న రోజుల్లో, తప్పి మళ్ళీ అదే వరసలో నిలబడటం పిల్లవాడికి ఎనిమిదేళ్ళకీ తొమ్మిదేళ్ళకీ అలవాటు కావడం ఎంత అవసరమో తల్లిదండ్రులు ఆలోచించాలి.

ఇంకో కోపం కూడా చెప్పేస్తాను. ఆరో తరగతి రాగానే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల్ని మాన్పించేస్తున్నారు. మావాడితో మొదలుపెట్టినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నలుగురే. సరిగ్గా 11, 12 ఏళ్ళప్పుడే ఒంట్లో బలం పుంజుకుంటుంది, కోపమూ పుంజుకుంటుంది. అప్పటిదాకా దెబ్బ నేర్చుకుని, ఆపడం ఒంటబట్టే వయసు వచ్చేసరికి మానేస్తే పిల్లవాడి దగ్గర మిగిలేదేమిటి? ఈ సంవత్సరం మా ఇంట్లోనూ ఈ గొడవ జరిగింది. మా ఆయన మానేయమన్నారు, అత్తయ్య కూడా అదే అన్నారు. వారానికి మూడు సాయంత్రాలు, గంటన్నర. ఆ గంటన్నర నేను వదులుకోదలుచుకోలేదు.

మావాడు మారిపోయాడని చెప్పను. తలుపు ఇప్పటికీ ధడేల్మని వేస్తాడు. హోంవర్కు ఇప్పటికీ చివరి నిమిషంలోనే. మాటతో నొప్పించడం బాగా వచ్చు, దానికి సున్‌దొమే ఇంకా ఎవరూ నేర్పలేదు. కానీ మొన్న సంక్రాంతి సెలవుల్లో చెల్లెలు వాడి సైన్సు రికార్డులో బొమ్మల మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసింది. నేను వంటగదిలోంచి చూస్తున్నాను. వాడి చెయ్యి లేచింది. భుజం దాకా వచ్చి ఆగింది. ఊపిరి వదిలాడు, ఆ శబ్దం నాకు వినబడింది. తర్వాత ఆ చేత్తోనే రికార్డు లాక్కుని, గట్టిగా ఏడ్చాడు.

నా చెయ్యి సంగతేమిటని అడిగారు మాస్టారు. నన్నొక్కదాన్నే కాదు, ఓ ఆదివారం తల్లిదండ్రులందరినీ పిలిచి అడిగారు. "ఇక్కడ మేం ఆపడం నేర్పుతాం. ఇంటికెళ్తే మీరు ఆపరు. పిల్లలు ఎవర్ని చూసి నేర్చుకోవాలి?" ఎవరూ మాట్లాడలేదు. నాకు ఆ ఫిబ్రవరి రాత్రి, వాడి చెంప, కంచంలో ఉండిపోయిన అన్నం గుర్తొచ్చాయి. తర్వాత ఆయన, ఎవరైనా పిల్లలకి ఎదురుగా నిలబడతారా అన్నారు. నేను లేచాను.

మావాడు నా ముందుకొచ్చి వంగాడు. నేనూ వంగాను. వాడికి బెత్తెడు దూరం వరకే అనుమతి. మొదటి పంచ్‌కి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. రెండోదానికీ, మూడోదానికీ అంతే. "అమ్మా, మూసుకోకు. తగలదు" అన్నాడు నెమ్మదిగా. ఎనిమిదో పంచ్‌కి వాడి పిడికిలి నాకు కనబడింది. వేళ్ళ కణుపులు, గోరు కింద ఇంకు మరక. ముఖానికి గాలి తగిలింది. పదీ అయ్యాక ఇంకో పది వెయ్యనా అని అడిగాడు. కొంగు నడుముకి దోపుకుని సరిగ్గా నిలబడ్డాను.